బెదురు గుర్రప్పిల్ల మాలిమి కావాలంటే

ఇంగ్లండ్‌లోని డార్ట్‌మూర్, ఎక్స్‌మూర్ బీడు కొండల్లో పోనీ గుర్రాలు ఆరుబయటే పుట్టి, ఆరుబయటే పెరుగుతాయి. వాటికి యజమానులున్నారు, కొట్టాలు మాత్రం లేవు. ఏటా చలికాలానికి ముందు మందలను కిందికి తోలుకొచ్చి, కొన్ని పిల్లలను తల్లుల నుంచి విడదీసి అమ్ముతారు. అప్పటికి వాటి వయసు ఆర్నెల్లు. చాలా పిల్లలకు మనిషి చెయ్యి తగలడం ఎలా ఉంటుందో తెలియదు. మన దేశంలో మణిపురి పోనీలది కూడా ఇంచుమించు ఇలాంటి బతుకే. ఇంఫాల్ చుట్టుపక్కల చిత్తడి నేలల్లో కట్టూ తాడూ లేకుండా మేస్తుంటాయి.

హైదరాబాద్‌లో మనం చూసే గుర్రాలు వేరు. మలక్‌పేటలో పరుగెత్తే రేసు గుర్రాలు పుట్టినప్పటి నుంచీ మనుషుల మధ్యే పెరుగుతాయి. అందుకే గుర్రం అనగానే ముఖం నిమరడానికి చెయ్యి చాస్తాం. కొండ మీంచి వచ్చిన పిల్ల దగ్గర మొట్టమొదట మానుకోవాల్సింది అదే. గుర్రం కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి చుట్టూ దాదాపు 350 డిగ్రీల మేర చూడగలదు. కనిపించనివి నుదుటికి సరిగ్గా ఎదురుగా ఉన్న కొద్దిపాటి చోటు, తోక వెనక భాగం. మనం ప్రేమగా చాచిన చెయ్యి, చివరి క్షణంలో దాని చూపులోంచి మాయమైపోతుంది!

మరి దగ్గరయ్యేదెలా? ప్రతి జంతువుకూ 'ఇంతకన్నా దగ్గరికొస్తే పారిపోతాను' అనే ఒక దూరం ఉంటుందని స్విట్జర్లాండ్ జంతుశాస్త్రవేత్త హైనీ హెడిగర్ వివరించాడు. ఆ గీత అంచు దాకా పక్కవాటుగా, కళ్ళలోకి చూడకుండా నడవాలి. పిల్ల తలెత్తి రెండు చెవులూ మన వైపు రిక్కించిందంటే అక్కడే ఆగాలి. కాసేపటికి మెడ కొంచెం దించుతుంది. వెంటనే మనం ఒకడుగు వెనక్కి వెయ్యాలి. అది నేర్చుకునేది ఈ వెనకడుగు దగ్గరే. తాను ఏం చేసినప్పుడు టెన్షన్ తగ్గిందో, ఆ పనే మళ్ళీ చేస్తుంది. అది ఉలిక్కిపడి పరుగెత్తినప్పుడు మనం తగ్గామనుకోండి, పరుగే పాఠమైపోతుంది. అందుకే ఈ పనిలో ఓపిక కన్నా సమయం చూసి కదలడమే కష్టమని నా అభిప్రాయం.

మొదటి స్పర్శ మూపు మీద, అంటే మెడ వీపును కలిసే ఎత్తైన చోట. గుర్రాలు ఒకదాన్నొకటి పళ్ళతో గోక్కునేది ఎక్కువగా అక్కడే. మూపు దగ్గర గోకితే గుర్రం గుండె వేగం తగ్గుతుందని క్లాడియా ఫే, జాన్ డి మజియేర్ అనే పరిశోధకులు 1993లో చూపించారు. చెయ్యి అందనివ్వకపోతే ముందు పొడవాటి వెదురు కర్రతో మెల్లగా రుద్దొచ్చు.

పిల్లను గుంజకు కట్టేసి, గింజుకుని అలిసిపోయే దాకా వదిలేసే పాత పద్ధతి ఒకటుంది. మెడకు దెబ్బ తగిలే ప్రమాదం సరే, నన్ను ఇంకా బాధపెట్టేది దాని ఫలితం. తప్పించుకునే దారి లేదని తెలిసిన జంతువు ప్రయత్నమే మానేస్తుందని 1967లో మనస్తత్వ శాస్త్రవేత్తలు సెలిగ్మన్, మేయర్ కుక్కలపై చేసిన ప్రయోగాల్లో తేలింది. మన బరాత్‌లలో బ్యాండు మోత, టపాకాయల మధ్య కదలకుండా నిలబడిన గుర్రాన్ని చూసి 'ఎంత బుద్ధిమంతురాలో' అంటాం. నిజంగా అలవాటు పడిందో, ఆశ వదులుకుందో ఆ నిలబడటం ఒక్కటే చెప్పదు. కంటి తెల్లగుడ్డు కనిపిస్తోందా, ముక్కుపుటాలు బిగిశాయా, తోక అదిమి పెట్టిందా చూడాలి. ప్రశాంతంగా ఉన్న గుర్రం తల దించి, చెవులు అటూ ఇటూ తిప్పుతూ, ఒక్కోసారి వెనక కాలు ఒకటి వదులుగా ఆనించి నిలబడుతుంది.

గుర్రాలు మందలో బతికే జీవులు కాబట్టి ఒక్క పిల్లను తేవడం కన్నా రెండింటిని తేవడం మంచిది. గడ్డికి అలవాటు పడ్డ పొట్టకు ఒక్కసారిగా దాణా పెడితే కడుపునొప్పితో ప్రాణం మీదికొస్తుంది.

చెయ్యి పడనిచ్చాక కాళ్ళు ఎత్తనివ్వడం నేర్పాలి. డెక్కలను ఆరేడు వారాలకోసారి చెక్కించాల్సి ఉంటుంది మరి. స్వారీకి మాత్రం తొందర వద్దు. కాళ్ళ ఎముకలు ముందే గట్టిపడినా, వెన్నుపూసలు పూర్తిగా ఎదిగేసరికి అయిదేళ్ళు దాటుతుంది.