అపోహలు – వాస్తవాలు: పర్వత గొరిల్లాను కిందికి దించితే బతకదా?

జంతుప్రదర్శనశాలల్లో పశువైద్యం చేసే నాకు గొరిల్లాల ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఎదురయ్యే ప్రశ్న ఒకటే: కొండల మీద పుట్టినవి మైదానానికి వస్తే గాలి సరిపడక చనిపోతాయట, నిజమేనా? అడిగేవారికి జంతువుల మీద నిజమైన దయ ఉంటుంది కనుక వారిని తప్పుపట్టను. ఆధారం చూడకుండా ఈ పుకారును నలుగురికీ పంచేవారిని చూస్తే మాత్రం ఓపిక నశిస్తుంది.

అపోహ: ఎత్తు తగ్గడమే వాటి ప్రాణం తీస్తుంది.

వాస్తవం: కిందికి వచ్చేకొద్దీ ఊపిరికి అందే ఆక్సిజన్ పెరుగుతుందే గాని తగ్గదు. మధ్య ఆఫ్రికాలోని విరుంగా అగ్నిపర్వతాల మీద 3,000 మీటర్లకు పైన కూడా తిరిగే పర్వత గొరిల్లాలే, ఉగాండాలోని బ్విండి అడవిలో అంతకంటే చాలా దిగువన బతుకుతున్నాయి. ఎత్తును బట్టి మారేది ప్రధానంగా వాటి తిండి, ఎందుకంటే విరుంగాలో ఆకులు, కాడలు, దురదగొండి జాతి మొక్కలు ఆధారమైతే బ్విండిలో పళ్లు కూడా బాగా దొరుకుతాయి. వాటి దగ్గరి బంధువులైన గ్రావర్ గొరిల్లాలు బెల్జియంలోని ఆంట్వెర్ప్ జూలో, అంటే దాదాపు సముద్రమట్టంలో, దశాబ్దాల పాటు జీవించాయి.

పుకారును నమ్మేవారు సాధారణంగా ఉదహరించేది కోకో, పకర్ అనే రెండు పర్వత గొరిల్లా పిల్లల కథ. జర్మనీలోని కొలోన్ జూ కోసం వాటిని పట్టేటప్పుడు అడ్డువచ్చిన పెద్ద గొరిల్లాలను చంపారు. చావుబతుకుల్లో ఉన్న ఆ పిల్లలకు గొరిల్లాల పరిశోధకురాలు డయాన్ ఫాసీ వైద్యం చేసి నిలబెట్టిన తరువాత 1969లో కొలోన్‌కు పంపేశారు. అక్కడ అవి సుమారు తొమ్మిదేళ్లు బతికి, 1978లో కొద్ది వారాల తేడాతో మరణించాయి. అడవిలో ముప్పై ఏళ్లు దాటి బతకగల జంతువులకు అది అకాలమరణమే, కాని తొమ్మిదేళ్లు గడిచిన తరువాత నేరం ఎత్తు మీద మోపడం వైద్యం కాదు. తల్లిని, గుంపును పోగొట్టుకోవడం, అలవాటు లేని తిండి, మనుషుల నుంచి అంటే రోగాలు: ముందుగా వెతకవలసింది వీటినే. 1931లో తూర్పు కాంగో నుంచి అమెరికాలోని శాన్ డియేగో జూకు చేరిన ఎంబోంగో, ఎన్‌గాగి అనే గొరిల్లాలు కూడా అక్కడ పదేళ్లకు పైగా బతికాయి, ఎంబోంగోను 1942లో బలిగొన్నది అమెరికా నైరుతి ప్రాంతపు మట్టిలో ఉండే ఒక శిలీంధ్రం.

ఈ అపోహకు ఎక్కువ మూల్యం చెల్లించేది అడవిలోని గొరిల్లాలే. "వాతావరణం పడలేదు" అనుకున్నచోట మన దగ్గు గురించి ఎవరూ ఆలోచించరు. 2009లో రువాండాలో ఒక గొరిల్లా గుంపుకు మనుషుల్లో జలుబు కలిగించే మెటాన్యుమోవైరస్ సోకి ఒక ఆడ గొరిల్లా, ఒక పసికూన చనిపోయాయి. అమెరికాలో స్థిరపడిన తెలుగమ్మాయి ఒకరు అడవిలో గొరిల్లాలను చూసే ట్రెక్కింగ్‌కు వారం ముందు ఫోన్ చేసి, "సార్, కాస్త జలుబుగా ఉంది, పైన ఎలాగూ చల్లగానే ఉంటుంది కదా, వాటికేం కాదుగా?" అని అడిగారు. పర్మిట్‌కే ఒక్కొక్కరికి 1,500 డాలర్లు కట్టి నెలల తరబడి ఎదురుచూసిన ఆమె బాధ అర్థమైంది, అయినా జలుబు పూర్తిగా తగ్గనిదే వెళ్లవద్దని, తగ్గినా మాస్కు తీయవద్దని, సిబ్బంది చెప్పిన దూరం కంటే ఒక్క అడుగు కూడా దగ్గరకు జరగవద్దని గట్టిగానే చెప్పాను.

అపోహ: చల్లని ఏసీ గది కట్టిస్తే పర్వత గొరిల్లాను ఎక్కడైనా పెంచవచ్చు.

వాస్తవం: గుంపును, రోజంతా నమిలే పచ్చటి మేతను ఏసీ ఇవ్వలేదు. ఇప్పుడు ఏ జూలోనూ పర్వత గొరిల్లా లేదు. అనాథలైన కొన్నింటిని కాంగోలోని విరుంగా పార్కులోనే సెంక్వెక్వే కేంద్రం సాకింది.

అపోహ: మైసూరు జూలోని గొరిల్లాలు కొండ జాతివి, అక్కడి ఎండకు అల్లాడిపోతున్నాయి.

వాస్తవం: 2021లో జర్మనీ నుంచి వచ్చిన థాబో, డెంబా పశ్చిమ మైదాన గొరిల్లా జాతికి చెందినవి. వేడి అడవులే వాటి పూర్వీకుల ఇల్లు.