4294967297: ఫెర్మా పొరబడిన సంఖ్య

రెండు యొక్క 32వ ఘాతానికి ఒకటి కలిపితే 4294967297 వస్తుంది. మన లెక్కలో 429 కోట్ల 49 లక్షల 67 వేల 297. దీన్ని ప్రధాన సంఖ్యగా 1640లో ఫ్రెంచి గణితజ్ఞుడు పియర్ ద ఫెర్మా నమ్మాడు. ఆ నమ్మకానికి ఆధారం లేకపోలేదు. 3, 5, 17, 257, 65537 అనే వరుసలో ప్రతి సంఖ్య నుంచి ఒకటి తీసివేసి, మిగిలినదాన్ని వర్గం చేసి, మళ్ళీ ఒకటి కలిపితే తరువాతి సంఖ్య వస్తుంది. ఆ ఐదూ ప్రధాన సంఖ్యలే, ఆరోది ఇది. అయితే తన దగ్గర నిరూపణ లేదని ఫెర్మాయే ఒప్పుకున్నాడు.

1732లో స్విట్జర్లాండ్ గణితజ్ఞుడు లియోన్‌హార్డ్ ఆయిలర్ దీన్ని 641 నిశ్శేషంగా భాగిస్తుందని చూపాడు. భాగఫలం 6700417; అదీ ప్రధాన సంఖ్యే.

ఈ సంఖ్య వర్గమూలం 65536 కంటే రవంత ఎక్కువ కనుక, గుడ్డిగా వెదకబోతే ఆరున్నర వేల ప్రధాన సంఖ్యలను పరీక్షించవలసి వస్తుంది. ఆయిలర్‌కు ఆ శ్రమ తప్పించినది సంఖ్య రూపమే. p అనే ప్రధాన సంఖ్య దీన్ని భాగిస్తుందనుకుంటే, 2³²ను pతో భాగించినప్పుడు శేషం −1 (నిశ్శేషం కావడానికి ఒకటి తక్కువ), 2⁶⁴ను భాగించినప్పుడు శేషం 1. అంటే 2 యొక్క ఘాతాల శేషాలు సరిగ్గా 64 అడుగులకు ఒకసారి పునరావృతమవుతాయి. ఆ ఆవృత్తి p−1ను భాగించి తీరాలి కనుక p తప్పనిసరిగా 64k+1 రూపంలో ఉండాలి. ఆ రూపంలోని ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, 641: ఐదో ప్రయత్నంలోనే పని ముగిసింది. ఆవృత్తి p−1ను భాగిస్తుందనే ఈ సిద్ధాంతం ఫెర్మాదే, అదీ 1640 నాటిదే కావడం విడ్డూరం; ఆయన ఆ నాలుగైదు భాగహారాలు ఎందుకు చేసి చూడలేదో ఊహించడం కష్టం.

అసలు భాగహారమే అక్కర్లేని దారి ఒకటుంది. 641 అంటే 5×2⁷+1. అదే 5⁴+2⁴ కూడా. 641తో భాగిస్తే, మొదటి రూపం వల్ల 5×2⁷కు శేషం −1, దాని నాలుగో ఘాతమైన 5⁴×2²⁸కు శేషం 1. రెండో రూపం వల్ల 5⁴ స్థానంలో −2⁴ రాయవచ్చు. రాయగానే −2³²కు శేషం 1 అవుతుంది, అంటే 2³²+1కు శేషం సున్నా.

నాకు మరింత నచ్చిన గుణం వేరొకటి. ఈ సంఖ్య 65536²+1² మాత్రమే కాదు, 62264²+20449² కూడా. రెండు వర్గాల మొత్తంగా రెండు భిన్న విధాలుగా రాయగలిగిన సంఖ్య ప్రధాన సంఖ్య కాజాలదు. 641 = 25²+4², 6700417 = 2556²+409² అని గమనించి, బ్రహ్మగుప్తుని పేరుతో ప్రసిద్ధమైన సర్వసమీకరణంతో వాటిని గుణిస్తే ఆ రెండు రూపాలూ వాటంతట అవే బయటపడతాయి: 25×2556, 4×409 లబ్ధాలను కలిపితే 65536, తీసివేస్తే 62264.

వరుసలో దీని తరువాత ఇంతవరకు ఒక్క ప్రధాన సంఖ్య కూడా దొరకలేదు. 2 యొక్క 2³²వ ఘాతానికి ఒకటి కలిపితే వచ్చే సంఖ్య వరకు అన్నీ సంయుక్త సంఖ్యలేనని తేలింది, వాటిలో కొన్నింటికి కారణాంకం ఒక్కటీ తెలియకపోయినా. వరుసలో దాని తరువాతి సంఖ్యలో 258 కోట్లకు మించి అంకెలుంటాయి. అది ప్రధానమో సంయుక్తమో ఇంకా తేలలేదు.