చచ్చుబడిన చెయ్యి ఆవులింతకు ఎందుకు లేస్తుంది? అపోహలు - వాస్తవాలు

"మా ఆయన చెయ్యి లేచింది సార్! పొద్దున ఆవులిస్తుంటే గుండెల దాకా వచ్చింది."

పక్షవాతం వచ్చినవాళ్లకు ఫిజియోథెరపీ చేయిస్తుంటాను కాబట్టి ఈ మాట నాకు అప్పుడప్పుడూ వినిపిస్తూనే ఉంటుంది. చెప్పేవాళ్ల సంతోషం చూస్తే నిజం చెప్పడానికి నోరు రాదు. "ఇప్పుడు ఎత్తమనండి" అంటాను. చెయ్యి కదలదు. అక్కడితో ఒక అపోహ పోయి ఇంకోటి మొదలవుతుంది: "అంటే చేతిలో బలం ఉంది, ఈయనే బద్ధకిస్తున్నాడు" అని. పాపం, ఆ మనిషి తిట్లు తింటాడు.

రెండూ నిజం కాదు. మనం కావాలని చెయ్యి ఎత్తితే ఆ ఆజ్ఞ మెదడు పైపొర నుంచి బయల్దేరుతుంది. స్ట్రోక్‌లో దెబ్బతిన్నది ఆ దారే. ఆవులింతను నడిపించేది మాత్రం మెదడు అడుగున, మెడకు దగ్గరగా ఉండే బ్రెయిన్ స్టెమ్. అక్కడి నుంచి వెన్నుపాముకు వేరే పాతదారులు ఉన్నాయి. అందుకే ఆవులింతతో పాటు చెయ్యి దానంతటదే లేచి, ఆవులింత అయిపోగానే ఒళ్లో పడిపోతుంది. 2005లో ఫ్రాన్స్ వైద్యులు దీనికి 'పారాకినీసియా బ్రాకియాలిస్ ఆసిటాన్స్' అని పలకడానికే ఆయాసం వచ్చే పేరు పెట్టారు. ఇది చూసి చెయ్యి వచ్చేసిందని అనుకోవద్దు, మనిషిని తప్పుపట్టొద్దు. లేచింది కదా అని పట్టుకుని లాగితే అసలే బలం లేని భుజం కీలు జారొచ్చు, అది ఇంకో నరకం.

అపోహ: ఒంట్లో ఆక్సిజన్ తగ్గితే ఆవులింత వస్తుంది.

స్కూల్లో నేనూ ఇదే చదువుకున్నాను. అమెరికాలో రాబర్ట్ ప్రొవైన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1987లో దీన్ని నేరుగా పరీక్షించారు. విద్యార్థులకు ఒకసారి స్వచ్ఛమైన ఆక్సిజన్, ఇంకోసారి కార్బన్ డయాక్సైడ్ ఎక్కువున్న గాలి పీల్పించారు. కార్బన్ డయాక్సైడ్‌కు ఊపిరి వేగం పెరిగింది కానీ ఆవులింతలు పెరగలేదు. ఆక్సిజన్ ఇస్తే తగ్గనూ లేదు. అయినా, గాలే లేని కడుపులో మూడో నెల శిశువు ఆవులించడం స్కానింగ్‌లో కనిపిస్తుంది కదా!

మరి ఎందుకు? మెదడును చల్లబరచడానికని ఒక వాదన. నుదుటి మీద చల్లటి ప్యాక్ పెట్టుకున్నవాళ్లకు ఎదుటివాళ్ల ఆవులింత అంతగా అంటలేదని 2007లో ఆండ్రూ గాలప్ అనే పరిశోధకుడు చూపించారు. 2021లో 101 జాతుల జంతువుల, పక్షుల ఆవులింతలు కొలిస్తే, మెదడు పెద్దదయ్యేకొద్దీ ఆవులింత ఎక్కువసేపు సాగింది. నాకైతే ఈ వాదన బాగానే కుదిరినట్టు కనిపిస్తుంది. ఒప్పుకోని శాస్త్రవేత్తలూ ఉన్నారు.

అపోహ: దిష్టి తీసేవాళ్లకు ఆవులింతలు వస్తే దిష్టి గట్టిగా తగిలినట్టు.

మా అమ్మమ్మకు ఇది తిరుగులేని లెక్క. పెళ్లి నుంచి వచ్చిన పిల్ల నిద్ర చాలక ఆవులిస్తుంటుంది. ఉప్పు, మిరపకాయలు చేతిలో పట్టుకుని ఎదురుగా నిలబడి ఆ ముఖమే చూస్తుంటే ఆవిడకు రాకేం చేస్తుంది? "ఆవులింతకు అన్న ఉన్నాడు గానీ తుమ్ముకు తమ్ముడు లేడు" అన్న సామెత చెప్పిందీ ఆవిడే! చూసినా, విన్నా, చదివినా, ఊరికే తలుచుకున్నా అంటుకుంటుంది. ఆపుకోవాలని చూస్తే ఇంకా తన్నుకొస్తుంది. చంటిపిల్లలు ఆవులిస్తారు గానీ పక్కవాళ్ల ఆవులింత వాళ్లకు అంటదు. ఆ అలవాటు నాలుగైదేళ్ల వయసు నుంచి కనిపిస్తుంది.

దీన్ని పట్టుకుని "ఆవులింత అంటనివాడికి జాలి, దయ ఉండవు" అని వాట్సాప్‌లో తిప్పుతున్నారు. అయినవాళ్ల ఆవులింత త్వరగా అంటుతుందని కొన్ని పరిశోధనలు చెప్పిన మాట నిజమే. కానీ అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ 2014లో 328 మందికి ఆవులింతల వీడియో చూపిస్తే 222 మందికి అంటుకుంది. ఆ తేడాకు సానుభూతితో గట్టి సంబంధమేదీ దొరకలేదు. కాస్తో కూస్తో లెక్కకు వచ్చింది వయసే, పెద్దవాళ్లకు తక్కువగా అంటింది. కాబట్టి అల్లుడు మీతో పాటు ఆవులించలేదని మనసు కష్టపెట్టుకోకండి.

చింపాంజీలకు, తోడేళ్లకు, చిలకల్లో ఒక రకానికి కూడా అంటుతుంది. కుక్కలకైతే మన ఆవులింతే అంటుకోవచ్చు. తాబేళ్ల సంగతి చూద్దామని ఒక తాబేలుకు ఆరు నెలలు ఆవులించడం నేర్పితే, మిగతావి దాన్ని పట్టించుకోనేలేదు. ముందు నవ్వించి, తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే సరదా బహుమతి ఇగ్ నోబెల్ 2011లో ఆ ప్రయోగానికి వచ్చింది.

అపోహ: ఆవులింత అంటే నిద్ర, విసుగు, లెక్కలేనితనం.

టెన్షన్‌లోనూ వస్తుంది. విమానం నుంచి దూకబోయే పారాట్రూపర్లు ఆవులిస్తారు. డిప్రెషన్‌కు వాడే కొన్ని మందులతోనూ ఎక్కువవుతాయి. నా పనిలో నేను భయపడేది ఇంకో రకానికి. చాలారోజులు మంచం మీద ఉన్న మనిషిని మొదటిసారి నిలబెట్టగానే ముఖం పాలిపోయి, చెమట పట్టి, వరసగా ఆవులింతలు వచ్చాయంటే బీపీ పడిపోతున్నట్టు, ఇంకాసేపటికి కళ్లు తిరిగి పడిపోతాడు. పక్కనున్న కొడుకు "నిద్రొస్తోందా నాన్నా, ఇంకో రెండడుగులు" అని హుషారు చేస్తుంటాడు. నేను ముందు మంచం మీద పడుకోబెట్టి, కాళ్లు ఎత్తి పెట్టి, ఆ తర్వాత బీపీ మిషన్ అందుకుంటాను.