స్కిడ్ స్టీర్ లోడర్ యాక్సిల్: సీల్ కొత్తదే, ఆయిల్ మాత్రం కారుతూనే ఉంది

బాబ్‌క్యాట్ లాంటి చిన్న లోడర్ చక్రం వెనక ఆయిల్ తడి కనబడితే చాలు, "సీల్ పోయింది, మార్చి పడేయండి" అంటారు. సీల్ అంటే షాఫ్ట్ చుట్టూ ఆయిల్ బయటికి రాకుండా ఆపే రింగ్. మారుస్తారు. కొన్నాళ్లకు అదే చక్రం దగ్గర మళ్లీ అదే తడి. ఈసారి తిట్లు సీల్ అమ్మిన షాపువాడికి.

అపోహ: ఆయిల్ కారుతోందంటే సీల్ మారిస్తే సరి.

వాస్తవం: చాలా బళ్లలో సీల్ తనంతట తాను పోదు, దాన్ని ఇంకోటి పాడు చేస్తుంది. ఈ బండికి స్టీరింగ్‌తో పక్కకి మళ్లే ముందు చక్రాలు లేవు. మలుపు తీసుకున్న ప్రతిసారీ నాలుగు టైర్లూ నేలమీద పక్కకి ఈడ్చుకుపోతాయి. ఆ పక్క తోపులో ఎక్కువ భాగం యాక్సిల్ బయటి టేపర్ బేరింగ్ మీద పడుతుంది. బేరింగ్ అరిగితే షాఫ్ట్ ఊగుతుంది. ఊగే షాఫ్ట్ మీద ఎంత మంచి సీలైనా ఆగదు. సీల్ మార్చి వదిలేస్తే చెయిన్ కేస్‌లో (చక్రాలను తిప్పే చెయిన్లు ఆయిల్‌లో ఉండే పెట్టె) ఆయిల్ తగ్గుతూ పోతుంది, ఆ తర్వాత చెయిన్లు, స్ప్రాకెట్లు, మిగతా బేరింగులు వరసగా పోతాయి.

అందుకే స్పానర్ పట్టకముందు మూడు చూడాలి.

మొదటిది చెయిన్ కేస్ లెవెల్. లెవెల్ ప్లగ్ విప్పినప్పుడు ఆయిల్ ఆ రంధ్రం దాకా లేకపోతే, బయటికి కారి తగ్గినట్టు. అలా కాకుండా భళ్లున బయటికొస్తే, అదే సమయంలో హైడ్రాలిక్ ట్యాంకులో తగ్గుతూ ఉంటే, చెయిన్లను తిప్పే హైడ్రాలిక్ డ్రైవ్ మోటార్ షాఫ్ట్ సీల్ పోయినట్టు. హైడ్రాలిక్ ఆయిల్ లోపలికి దిగి, కేస్ నిండి, యాక్సిల్ సీళ్లను తోసుకుని వస్తోంది. అప్పుడు నాలుగు యాక్సిల్ సీళ్లూ కొత్తవి వేసినా డబ్బు దండగ.

రెండోది, కేస్‌కి బ్రీదర్ (లోపలి గాలి బయటికి పోయే దారి) ఉన్న మోడల్ అయితే అది మూసుకుపోయిందేమో. లోపల వేడికి పెరిగిన గాలి ఒత్తిడి సీల్ దగ్గరే దారి వెతుక్కుంటుంది.

మూడోది ప్లే, అంటే చక్రం వదులుగా ఆడటం. బండి ఫ్రేమ్ కింద స్టాండ్లు పెట్టి చక్రాలు నేల వదిలేలా లేపండి, ఇంజిన్ ఆపండి. టైర్ కింద గునపం పెట్టి పైకి ఎత్తి చూడండి, తర్వాత లోపలికీ బయటికీ లాగి చూడండి. చక్రం ముందుకీ వెనక్కీ కొంచెం తిరిగితే అది చెయిన్ వదులు. పైకీ కిందకీ, లోపలికీ బయటికీ ఆడితేనే బేరింగ్. ఈ రెండూ కలిపేసి చెయిన్ వదులుకి బేరింగ్ మార్చేవాళ్లు తక్కువేం లేరు.

ఇక విప్పడం. బకెట్ ఎత్తే ఆర్మ్స్ కిందకి దించాలి, లేపి పని చేయాల్సొస్తే లాక్ పెట్టాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కింద దూరొద్దు. ఆయిల్ దించి, కవర్ తీసి, లోపల స్ప్రాకెట్‌ని పట్టి ఉంచే బోల్ట్ విప్పితే స్ప్రాకెట్ చెయిన్‌కి వేలాడుతుంది, షాఫ్ట్ బయటికి వస్తుంది. బయటి బేరింగ్ కోన్ (లోపలి రింగూ రోలర్లూ) షాఫ్ట్‌తో వస్తుంది, కప్పు (బయటి రింగు) హౌసింగ్‌లో ఉండిపోతుంది. కప్పు బాగానే ఉందని వదిలేసి కోన్ ఒక్కటే మార్చకండి. అవి జంట. పాత కప్పులో కొత్త కోన్ ఎక్కువ రోజులు బతకదు.

షాఫ్ట్ మీద సీల్ ఆనే చోట గోరుతో గీయండి. గోరు తగులుకుంటే గాడి పడినట్టు. ఎమెరీ పేపర్‌తో రుద్దితే గాడి పోదు, నిలువు గీతలు పడితే వాటి వెంటే ఆయిల్ బయటికొస్తుంది. గాడి మీద స్లీవ్ (సన్నని లోహపు తొడుగు) ఎక్కించాలి, లేదా షాఫ్ట్ మార్చాలి. షాఫ్ట్ మీద స్ప్రాకెట్ ఎక్కే స్ప్లైన్ పళ్లు కూడా చూడండి.

సీల్‌లో స్ప్రింగ్ ఉన్న పెదవి ఆయిల్ వైపు ఉండాలి. పెదవికి కాస్త గ్రీజు రాసి, సీల్ సైజు రింగ్ పెట్టి సమంగా దించాలి, ఉలీ సుత్తీ కాదు. బేరింగ్ షాఫ్ట్ మీద బిగిసే డిజైన్‌లో ముందు సీల్ ఎక్కించి తర్వాతే బేరింగ్ ప్రెస్ చేయాలి. మర్చిపోతే కొత్త బేరింగ్‌ని మళ్లీ పీకాలి.

అందరూ తేలిగ్గా తీసుకునేది ప్రీలోడ్, అంటే బేరింగ్‌ని ఎంత బిగించి ఉంచాలన్నది. కొన్ని మోడల్స్‌లో షిమ్‌లతో (పల్చటి రేకులు), కొన్నింటిలో బోల్ట్ టార్క్‌తో (బిగించే బలం) కుదురుతుంది. ఆ అంకె మీ మోడల్ మాన్యువల్‌లోదే కావాలి, పక్క బండిది పనికిరాదు. వదులైతే మళ్లీ ఊగుడు, బిగుతెక్కువైతే బేరింగ్ కాలి నీలం రంగుకి తిరుగుతుంది. చెయిన్ తగిలించకముందు చేత్తో తిప్పితే సన్నని పట్టు ఉండాలి, ఆట ఉండకూడదు. మూసేముందు కేస్ అడుగు అయస్కాంతంతో ఊడ్చండి, పాత బేరింగ్ ముక్క ఒక్కటి మిగిలినా కొత్తదాన్ని తినేస్తుంది. వీల్ నట్లు ఒక రోజు పని చేశాక మళ్లీ టార్క్ చూడాలి.

అపోహ: చిక్కటి 90 గేర్ ఆయిల్ పోస్తే లీకు ఆగుతుంది.

వాస్తవం: ఆగదు. కంపెనీని బట్టి ఈ కేస్‌లో హైడ్రాలిక్ ఆయిలో ఇంజిన్ ఆయిలో చెబుతారు, అదే పోయాలి. గ్రీజు నింపడం ఇంకా ఘోరం, చెయిన్ దాన్ని గోడలకి విసిరేసి తను ఎండిపోతుంది.

అపోహ: ముందు టైర్లు అరిగితే ముందువే మార్చుకోవచ్చు.

వాస్తవం: ఒక పక్క ముందు వెనక చక్రాలు చెయిన్లతో ఒకే వేగానికి కట్టేసి ఉంటాయి. ఎత్తు తేడా వస్తే రెండూ ఒకదాన్నొకటి లాక్కుంటాయి, ఆ భారం చెయిన్ మీదా యాక్సిల్ మీదా. గాలి ఒత్తిడికీ ఇదే లెక్క.

అపోహ: విరిగిన షాఫ్ట్‌ని వెల్డింగ్ చేయించి వాడుకోవచ్చు.

వాస్తవం: వద్దు. గట్టిపరిచిన ఉక్కు వెల్డింగ్ వేడికి పక్కనే బలహీనపడి మళ్లీ అక్కడే విరుగుతుంది, నిండు బకెట్ పైకెత్తి ఉన్నప్పుడైనా సరే.

చెయిన్ డ్రైవ్ లోడర్‌కి డిఫరెన్షియల్ ఉండదు. ఎస్టిమేట్‌లో "క్రౌన్ పినియన్" (డిఫరెన్షియల్‌లో ఉండే గేర్లు) కనబడితే షెడ్ మార్చండి.

తడి చూసి యాక్సిల్ మొత్తం పోయిందని కంగారు పడేవాళ్లకి ఒక మాట. లెవెల్ సరిగ్గా ఉండి, ప్లే లేకపోతే నిజంగానే సీల్ ఒక్కటే పోయి ఉండొచ్చు. చక్రం వెనక చుట్టుకున్న బైండింగ్ వైరో, గోనె పురికొసో సీల్‌ని కోసేస్తాయి. దాన్ని పీకి, గాడి లేదని చూసుకుని సీల్ మార్చండి. పని ఆపలేని రోజులైతే పొద్దున్నే లెవెల్ చూసి పోసుకుంటూ కొన్నాళ్లు నడపొచ్చు. ప్లే ఉంటే మాత్రం ఆ రోజే ఆపేయండి.