ముందు అడుగుభాగం చూపించండి: పాత వస్తువుల మీద అపోహలు - వాస్తవాలు

పాత వస్తువులు కొనడం, అమ్మడం, విరిగినవి అతికి బాగుచేయడం నా పని. రోజూ ఎవరో ఒకరు ఫొటో పంపి "ఇది ఎంత పాతది, ఎంత వస్తుంది" అని ఒకే ఊపిరిలో అడుగుతారు. ఆ రెండూ ఒకే ప్రశ్న అనుకోవడం దగ్గరే తేడా వస్తుంది.

అపోహ: ఎంత పాతదైతే అంత ఖరీదు.
రోమన్ల కాలం నాటి మామూలు రాగి నాణేలు, మట్టి ప్రమిదలు కుప్పలుతెప్పలుగా దొరికాయి కాబట్టి ఇప్పటికీ చవకే. ఐరోపా, అమెరికాల్లో రెండు వందల ఏళ్లనాటి ముదురు రంగు చెక్క సామాను ధర 2000 తర్వాత దారుణంగా పడిపోయింది. దాని వయసేమీ తగ్గలేదు, కొనేవాళ్ల అభిరుచి మారింది, అంతే. వందేళ్లు దాటితేనే యాంటిక్ అనే లెక్క కూడా ఆకాశం నుంచి ఊడిపడలేదు, చాలావరకు కస్టమ్స్ వాళ్ల పుణ్యమే. అమెరికా 1930 టారిఫ్ చట్టం 1830కి ముందు చేసినవాటికే సుంకం మినహాయించింది, 1966లో దాన్ని వందేళ్లుగా మార్చారు.

అపోహ: ఈ సేకరణ పిచ్చి ఈమధ్య డబ్బున్నవాళ్లు మొదలుపెట్టింది.
1925లో బ్రిటిష్ పురావస్తు పరిశోధకుడు లియోనార్డ్ వూలీ ఇప్పటి ఇరాక్‌లోని ఉర్ నగరంలో తవ్వుతుంటే క్రీ.పూ. 6వ శతాబ్దపు గదిలో, అప్పటికే వందల ఏళ్లు పాతబడిపోయిన వస్తువులు ఒకచోట పేర్చి ఉన్నాయి, వాటి సంగతి చెప్పే మట్టి లేబుల్‌తో సహా. బాబిలోన్ రాజు నబోనిడస్ కూతురి మ్యూజియం అది అని ఆయన అనుకున్నాడు. రోమన్ల తరఫున సిసిలీ గవర్నరుగా చేసిన వెర్రెస్ గ్రీకు శిల్పాలు కనబడితే చాలు ఊడబెరికి తెచ్చుకునేవాడు, క్రీ.పూ. 70లో రోమన్ వక్త సిసెరో అతన్ని కోర్టుకీడ్చాడు. చైనాలో ల్యూ దాలిన్ పాత కంచు పాత్రల బొమ్మలతో 1092లోనే కేటలాగ్ తయారుచేశాడు.

అపోహ: పూర్వం మోసాల్లేవు, పైగా పెద్ద మ్యూజియంని ఎవరూ బురిడీ కొట్టించలేరు.
ఇది వింటే నాకు నవ్వాగదు. 1496లో కుర్ర మైకెలాంజెలో చెక్కిన నిద్రపోతున్న మన్మథుడి బొమ్మను పాతదానిలా కనిపించేలా చేసి ఒక వ్యాపారి ద్వారా రోమ్‌లోని చర్చి పెద్ద కార్డినల్ రియారియోకి అంటగట్టారు. 1896లో పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం రెండు లక్షల ఫ్రాంకులు పోసి, క్రీస్తుకు పూర్వం రాజు సైతాఫెర్నెస్‌కి చేయించిందంటూ ఒక బంగారు కిరీటం కొంది. చేసింది ఎవరయ్యా అంటే ఒడెస్సాలో బతికే ఉన్న కంసాలి ఇజ్రాయెల్ రుఖొమోవ్‌స్కీ. పాపం అతనికి ఎవరినీ మోసం చేస్తున్నానని తెలియదు, బహుమతి కోసమని చెప్పి చేయించుకున్నారు. 1903లో పారిస్ వచ్చి, అందులో కొంత భాగం అధికారుల కళ్లముందే మళ్లీ చేసి చూపిస్తే గానీ నమ్మలేదు.

అపోహ: అడుగున ముద్ర ఉంది కాబట్టి ఒరిజినలే.
ముద్ర వేయడం అన్నిటికన్నా సులువు. చైనాలో కాంగ్సీ చక్రవర్తి కాలంలో (1662-1722) చేసిన పింగాణీ మీద అంతకు రెండు వందల ఏళ్ల ముందరి చెంగ్వా చక్రవర్తి ముద్ర కనిపిస్తుంది, అది కొంతవరకు పాతవాళ్ల మీద గౌరవంతో వేసింది. జర్మనీలో పింగాణీ చేసే మైసెన్ వాళ్ల రెండు కత్తుల గుర్తునైతే ఎంతమంది కాపీ కొట్టారో లెక్కలేదు. నేను ముద్రని చివర్లో చూస్తాను. ముందు అడుగు అంచు అరిగిందా, అరిగితే గీతలు అడ్డదిడ్డంగా ఉన్నాయా, లేక ఎమెరీ కాగితంతో రుద్దినట్టు అన్నీ ఒకేవైపు ఉన్నాయా అని చూస్తాను. గుండ్రటి చెక్క బల్లయితే టేపు పెట్టి రెండువైపులా కొలుస్తాను. చెక్క పొడుగునా పెద్దగా కుంచించుకుపోదు, అడ్డంగా కుంచించుకుపోతుంది, అందుకని నిజంగా పాతదైన బల్ల కాస్త కోలగా మారి ఉంటుంది. అచ్చం గుండ్రంగా ఉంటే నాకు టెన్షన్ మొదలు.

ల్యాబ్‌కి పంపితే తేలిపోతుందంటారు. కార్బన్ పరీక్ష చెట్టు వయసు చెబుతుంది గానీ బల్ల వయసు కాదు, పాత దూలం కోసి కొత్త బల్ల చేస్తే ఏం చేస్తారు? పైగా దాదాపు 1650 నుంచి 1950 మధ్య వాటికి అది ఇచ్చే తేదీలు గజిబిజిగా ఉంటాయి, మా చేతికొచ్చేవన్నీ ఆ మధ్యవే.

ఇక తోమి మెరిపించి అమ్మితే ఎక్కువొస్తుందన్న అపోహ. కంచు మీద చిలుము, చెక్క మీద చేతులు తగిలి తగిలి వచ్చిన నునుపు, ఇవే వస్తువు వయసుకి సాక్ష్యం, వాటిని గీకేస్తే ఉన్న ధర కూడా పోతుంది.

వేలంపాటలో పలికిందే అసలు ధర అనుకోవడమూ పొరపాటే. వ్యాపారులు సిండికేటై ఒకరి మీద ఒకరు పాడకుండా చవగ్గా కొట్టేసి, తర్వాత వాళ్లలో వాళ్లే మళ్లీ పాడుకోవడం ఎంత ముదిరిందంటే బ్రిటన్ 1927లో దానికోసం ప్రత్యేకంగా చట్టం తెచ్చింది.

నేనూ మునిగాను లెండి. కొత్తలో అద్దాల తలుపుల పాత బీరువా, కింద సొరుగులు, మురిసిపోయి కొన్నాను. ఇంటికొచ్చాక గోడకి జరుపుతుంటే వెనక పలకలు కనిపించాయి. కింద వాటి మీద చేతి రంపం గీతలు, నిటారుగా. పైన వాటి మీద గుండ్రటి మర రంపం గీతలు, చంద్రవంకల్లా. రెండు వేర్వేరు సామాన్లకి పెళ్లి చేసి నాకు అమ్మారు. అందుకే ఫొటో పంపేవాళ్లకి చెప్పేది, ముందువైపు ఒక్కటి చాలు, వెనకవైపు, అడుగు, సొరుగు లాగి లోపల, అవి పదైనా పంపండి.