షట్‌డౌన్ మీద షాపులో రోజూ వినే మాటలు: అపోహలు - వాస్తవాలు

పద్దెనిమిదేళ్లుగా కంప్యూటర్ రిపేర్ షాపు నడుపుతున్నాను. డెస్క్‌టాప్ ఆన్ చేయడం అందరికీ వచ్చు. ఆపడం దగ్గరే తేడా వస్తుంది. నా టేబుల్ మీదికి వచ్చే వాటిలో చాలావాటికి జబ్బు అక్కడే అంటుకుని ఉంటుంది.

అపోహ: కరెంటు పోతే ఆగట్లేదా? స్విచ్ కట్టేస్తే మాత్రం ఏమవుతుంది?

ఎరువుల షాపు ఆయన ఒకాయన నా పాత కస్టమర్. రాత్రి షట్టర్ దించేటప్పుడు లైటు, ఫ్యానుతో పాటు కంప్యూటర్ స్విచ్ కూడా ఒకే ఊపులో కట్టేసేవాడు. ఏడాది పాటు ఏమీ కాలేదు. ఒక రోజు పొద్దున అప్పుల ఖాతా ఫైలు తెరుచుకోలేదు. "సేవ్ కొట్టాను తమ్ముడూ, నా కళ్లతో చూశాను" అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. సేవ్ కొట్టగానే ఆ లెక్క అంతా డిస్క్ మీదికి చేరిపోదు. పని వేగంగా సాగడానికి విండోస్ కొంత భాగాన్ని ర్యామ్‌లో, అంటే కరెంటు ఉన్నంతసేపే గుర్తుంచుకునే మెమరీలో, అట్టే పెట్టుకుని వెనక నుంచి మెల్లగా రాస్తుంది. షట్‌డౌన్ నొక్కితే ఆ మిగిలిన రాత పూర్తి చేసి, తెరిచిన ఫైళ్లు మూసి, అప్పుడు ఆగుతుంది. స్విచ్ కడితే రాసే చేతిలోంచి కలం లాక్కున్నట్టే.

డిస్క్ మీద ఫైళ్లు సర్దడానికి విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఒక చిట్టా ఉంటుంది. మధ్యలో కరెంటు పోయినా ఏ ఫైలు ఎక్కడుందో ఆ చిట్టా చూసి సర్దుకుంటుంది. అందుకే చాలాసార్లు ఏమీ కానట్టు ఆన్ అవుతుంది, మనకూ ధైర్యం వస్తుంది. కానీ ఆ చిట్టా కాపాడేది తన లెక్కలనే. మీ ఫైలులోని అంకెల పూచీ దానిది కాదు. ఆయన ఖాతా వారం క్రితం పెన్ డ్రైవ్‌లో తీసుకున్న బ్యాకప్ నుంచి తిరిగొచ్చింది. ఆ వారం లెక్కలు మాత్రం బిల్లు పుస్తకాలు ముందేసుకుని మళ్లీ కొట్టుకున్నాడు.

కరెంటు పోతే హార్డ్‌డిస్క్‌లో రాసే, చదివే ముల్లు లోపల తిరిగే పళ్లెం మీద పడి గీతలు పడతాయన్న భయం మాత్రం ఎక్కువే. పళ్లెం ఇంకా తిరుగుతుంటుంది కదా, ఆ ఊపుతోనే ముల్లు దానంతటదే పక్కకు వెళ్లిపోతుంది. అలాగని రోజూ చేయించాల్సిన పని కాదది.

హార్డ్‌డిస్క్ బదులు చిప్‌లతో పనిచేసే ఎస్‌ఎస్‌డీ వేయించాం కాబట్టి టెన్షన్ లేదనేవాళ్లూ ఉన్నారు. తిరిగే భాగం లేదన్నది నిజమే. కానీ ఏ ముక్క ఎక్కడ పెట్టిందో చెప్పే పట్టిక ఎస్‌ఎస్‌డీకీ ఉంటుంది. అది రాసుకుంటుండగా కరెంటు పోతే డ్రైవ్ మొత్తం కనపడకుండా పోయిన కేసులు చూశాను. సర్వర్లలో వాడే ఖరీదైన వాటిలో ఆ క్షణానికి సరిపడా కరెంటు నిలబెట్టే కెపాసిటర్లు ఉంటాయి. మన ఇళ్లలో వాడే మామూలు రకాల్లో ఆ ఏర్పాటు దాదాపు ఉండదు.

అపోహ: రీస్టార్ట్ కంటే షట్‌డౌన్ చేసి ఆన్ చేయడమే గట్టి మందు

ఇది ఒకప్పటి మాట. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి వచ్చింది. షట్‌డౌన్ నొక్కితే మీ ప్రోగ్రాములు మూసేస్తుంది గానీ, విండోస్ గుండెకాయ లాంటి కెర్నెల్‌నూ, ప్రింటర్ లాంటి వాటిని నడిపే డ్రైవర్లనూ ఉన్నవి ఉన్నట్టు డిస్క్‌లో దాచుకుంటుంది. పొద్దున ఆన్ చేస్తే దాన్నే మళ్లీ పైకి తెస్తుంది. నిన్న ప్రింటర్ డ్రైవర్ మొరాయించి ఉంటే ఇవాళ కూడా అదే మొరాయింపు. రీస్టార్ట్ అయితే అన్నీ మొదటి నుంచి కొత్తగా ఎక్కుతాయి.

నమ్మకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ కింద అప్ టైమ్, అంటే విండోస్ కొత్తగా ఎక్కి ఎంతసేపయిందో చూడండి. మొన్న ఒక డీటీపీ షాపులో చూస్తే 23 రోజుల 4 గంటలు అని ఉంది. "రోజూ రాత్రి ఆపేస్తున్నా కదన్నా!" అని ఆ అబ్బాయి బిత్తరపోయాడు. రీస్టార్ట్ చేశాం, ప్రింట్ వచ్చింది. ఆ పనికి డబ్బులు తీసుకోబుద్ధి కాలేదు, టీ తాగి వచ్చేశాను. పూర్తిగా ఆపాలనుకుంటే షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ నొక్కండి.

అపోహ: స్క్రీన్ నల్లబడితే ఆగినట్టే

మానిటర్ బటన్ నొక్కి ఇంటికి వెళ్లిపోయేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. సీపీయూ బాక్స్‌లో ఫ్యాన్ ఆగి, లైటు ఆరిపోవాలి. మెయిన్ స్విచ్ జోలికి ఆ తర్వాతే వెళ్లాలి. అప్‌డేట్ పడుతున్నప్పుడు పాత హార్డ్‌డిస్క్ ఉన్న సిస్టమ్ గంట తీసుకున్నా ఆశ్చర్యం లేదు. డిస్క్ లైటు మినుకుమంటున్నంతసేపూ పని జరుగుతున్నట్టే.

అపోహ: పవర్ బటన్‌తో ఆపకూడదు

ఒకసారి నొక్కి వదిలేస్తే అది విండోస్‌కి కబురు మాత్రమే. సెట్టింగ్‌ను బట్టి షట్‌డౌనో స్లీపో అవుతుంది. నాలుగైదు సెకన్లు నొక్కి పట్టుకుంటేనే పీక నొక్కినట్టు. సిస్టమ్ పూర్తిగా బిగుసుకుపోతే అది తప్పదు. విండోస్ 95 రోజుల్లో నల్ల తెర మీద నారింజ రంగు అక్షరాలతో 'ఇక ఆపుకోవచ్చు' అని ఇంగ్లిష్‌లో వచ్చేది, అప్పుడు మనమే బటన్ నొక్కేవాళ్లం.

అపోహ: కరెంటు పోయినా కాసేపు నడిపే యూపీఎస్ ఉందిగా

చిన్న షాపుల్లో ఉండే 600 వీఏ యూపీఎస్‌లో సాధారణంగా చిన్న బ్యాటరీ ఒక్కటే ఉంటుంది. కొత్తగా ఉన్నప్పుడు సిస్టమ్‌ను పది, పదిహేను నిమిషాలు నడిపిస్తుంది. ఆ టైము ఫైళ్లు సేవ్ చేసి షట్‌డౌన్ చేసుకోవడానికి. కీచుకీచుమంటుంటే బిల్లింగ్ కొనసాగించడానికి కాదు. రెండు, మూడేళ్లకు బ్యాటరీ చచ్చిపోతుంది, కరెంటు పోయే దాకా ఆ సంగతి తెలియదు. నెలకోసారి పనులన్నీ మూసేసి యూపీఎస్ ప్లగ్ పీకి చూడండి. లేజర్ ప్రింటర్‌ను మాత్రం దానికి తగిలించకండి, ఆ లోడు అది మోయలేదు.

అపోహ: ఉరుములొస్తే షట్‌డౌన్ చేస్తే చాలు

షట్‌డౌన్ చేసినా ప్లగ్‌లో కరెంటు ఉన్నంతసేపూ మదర్‌బోర్డుకి 5 వోల్టులు అందుతూనే ఉంటాయి. ఆపేసినా మౌస్ కింద ఎర్ర లైటు వెలగడం చూసే ఉంటారు. పిడుగు పడే వాతావరణం కనిపిస్తే ముందే ప్లగ్ పీకండి, ఇంటర్నెట్ కేబుల్ కూడా పీకండి. వానాకాలంలో నా దగ్గరికి వచ్చే మాడిన బోర్డుల్లో కొన్నింటికి దెబ్బ తగిలింది ఆ నెట్ వైరులోంచే.

రోజూ మెయిన్ స్విచ్ కట్టేస్తే సిస్టమ్ పాడవుతుందని కొందరు భయపడతారు. సరిగ్గా షట్‌డౌన్ అయ్యాక కట్టేస్తే ఏమీ కాదు. కాకపోతే ఆ టైములో లోపలి గడియారం బోర్డు మీది చిన్న బిళ్ల సెల్‌తో నడుస్తుంది కాబట్టి అది కాస్త ముందుగా అయిపోవచ్చు. తేదీ ఎప్పటిదో పాత ఏడాదికి వెళ్లిపోయి, వెబ్‌సైట్లు తెరుచుకోక సతాయిస్తుంటే అదే కారణం. సీఆర్2032 అని అడిగితే వాచీల షాపులో కూడా ఇస్తారు.