నిమ్మలకుంటలో ఆట పోయి ల్యాంప్‌షేడ్ ఎలా వచ్చింది

2020లో నిమ్మలకుంట దళవాయి చలపతిరావు గారికి పద్మశ్రీ వచ్చినప్పుడు తోలుబొమ్మలాట ఇంకా బతికే ఉందని అందరం సంబరపడ్డాం. ధర్మవరం దగ్గరి ఆ ఊర్లో ఇళ్ళు గడిచేది మాత్రం ఆట మీద కాదు, ఎక్కువగా ల్యాంప్‌షేడ్ల మీద.

ఒకప్పుడు ఈ ఆటకి టికెట్ అనేదే లేదు, ఊరే పిలిచేది, ఊరే గింజలో డబ్బులో ఇచ్చేది. శివరాత్రి జాగారానికి పిలిచేవాళ్ళు, వాన పడకపోతే విరాటపర్వం ఆడిస్తే పడుతుందని నమ్మి పిలిచేవాళ్ళు. అనంతపురం లాంటి కరువు సీమలో ఇదో విచిత్రం, పంట పండితే ఇవ్వడానికి గింజలుంటాయి, పండకపోతే ఆట ఉంటుంది!

ఇంట్లో మరాఠీ మాట్లాడుకునే ఈ కుటుంబాలకి తెర వెనక పాడే రామాయణ ద్విపదలు, అంటే రెండేసి పాదాల పద్యాలు, నోటికొచ్చు. ఆముదం దీపాలు, మద్దెల, హార్మోనియం, ఆడబొమ్మలకి ఆడవాళ్ళ గొంతు, మధ్యలో బంగారక్క, జుట్టుపోలిగాడి మోటు హాస్యం, ఇలా తెల్లారేదాకా ఆడించాలంటే ఎనిమిది పది మంది కావాలి, వచ్చింది అందరూ పంచుకోవాలి, ఇంటిల్లిపాదీ ట్రూపే కాబట్టి అప్పట్లో అది సరిపోయింది.

తర్వాత టూరింగ్ టాకీసులు, టీవీలు వచ్చాయి, ఊళ్ళు పిలవడం మానేశాయి. మిగిలింది ప్రభుత్వ ఉత్సవాలు, కుటుంబ నియంత్రణ లాంటి ప్రచారాలు. రాత్రంతా ఆడే కథ గంటకి కుదించాలి, మనుషుల్ని మాత్రం అంత తేలిగ్గా కుదించలేం, పదిమందికి బస్సు ఛార్జీలు, భోజనాలు పోతే చేతిలో ఏం మిగులుతుంది చెప్పండి?

ల్యాంప్‌షేడ్ లెక్క వేరు. అదే మేక తోలు, వెలుగు దాటేలా అంతే పల్చగా తీస్తారు, అదే ఉలితో చిల్లులు, అవే రంగులు, ఆముదం దీపం బదులు లోపల బల్బు, అంతే. ట్రూప్ అక్కర్లేదు, ఒక్క మనిషి ఇంట్లో కూర్చుని చేస్కోవచ్చు, ప్రభుత్వ హస్తకళల దుకాణాలైన లేపాక్షి షోరూముల్లోనో ఎగ్జిబిషన్ స్టాల్లోనో అమ్ముకోవచ్చు. స్టాల్లో అమ్ముడుపోని సరుకు మళ్ళీ మోసుకురావాలి, అది వేరే బాధ.

2008లో వచ్చిన జీఐ ట్యాగ్, అంటే ఫలానా చోటి సరుకని ఇచ్చే భౌగోళిక గుర్తింపు, కూడా హస్తకళ కిందే వచ్చింది, అంటే వస్తువుకి. పాటకి అలాంటి ట్యాగ్ ఏం ఉంటుంది? అందుకే ఇంట్లో పిల్లలకి ముందు ఉలి పట్టడం నేర్పిస్తే తప్పుపట్టలేం, ద్విపద నేర్చుకుంటే పాడించుకునే ఊరెక్కడుంది.